అచ్చు కాని వాన

యుద్ధం నడిచిన ఆ ఏళ్ళలో మా పేపర్లో వాన పడలేదు. మా ఊరు పోర్ట్ కార్డ్యూలో పడింది. మాకు వానాకాలం డిసెంబరు నుంచి మార్చి దాకా, అన్నాళ్ళూ పడింది. వీధుల్లో నీళ్ళు నిలిచాయి, చెరుకు తోటల్లో ట్రాలీ పట్టాలు మునిగాయి, పోస్టాఫీసు మెట్ల మీద కప్పలు కూర్చున్నాయి. 'మెసెంజర్'లో మాత్రం చినుకు లేదు. ఎక్కడ వాన పడుతోందో, గాలి ఎటు వీస్తోందో తెలిస్తే విమానాలు ఎప్పుడు పంపాలో శత్రువుకు తెలుస్తుందని ప్రభుత్వం వాతావరణాన్ని కూడా సైనిక సమాచారంలో చేర్చింది. క్రికెట్ మ్యాచ్ వానకు ఆగిపోతే 'ఆట ముగియలేదు' అని రాసేదాన్ని. ఎందుకు ముగియలేదని ఎవరూ అడగలేదు. చదివేవాళ్ళూ ఆ వానలో తడిసినవాళ్ళే.

ఇప్పుడు పేపర్లలో వాతావరణానికి సగం పేజీ ఇస్తున్నారు. నేను ఆ సగం పేజీ మొత్తం చదువుతాను, నేనెప్పుడూ చూడని ఊళ్ళ వానలతో సహా. చదువుతుంటే ఆ రోజుల్లోని మా ఆఫీసు గుర్తొస్తుంది. ముందు ఒక గది, వెనక రేకుల షెడ్డులో అచ్చు యంత్రం, కరిగిన సీసం వాసన, కిటికీ కింద గారిటీ గారి టీ కెటిల్.

కాన్ గారిటీ ఎడిటరూ, యజమానీ. పనిచేసే మగవాళ్ళు సైన్యంలోకి పోయాక సీసంలో అక్షరాల లైన్లు పోసే లైనోటైప్ యంత్రం ముందు కూడా ఆయనే కూర్చునేవారు. నన్ను శనివారం పెళ్ళిళ్ళ పేజీకి తీసుకున్నారు. ఆరు నెలలు తిరిగేసరికి కోర్టూ, చక్కెర మిల్లూ, రేవూ నా మెడకే పడ్డాయి. రేవు గురించి రాయడానికి ఏమీ ఉండేది కాదు. ఓడ వచ్చిందని రాయకూడదు, వెళ్ళిందని రాయకూడదు.

ఏది రాయకూడదో చెప్పే పని పోస్ట్‌మాస్టర్ హొరేస్ టిడ్‌మార్ష్‌కి అప్పజెప్పారు. పేపరు అచ్చుకు పోయే ముందు ప్రూఫులు పోస్టాఫీసు వెనక గదికి పట్టుకెళ్ళేవాళ్ళం. ఆయన నీలం పెన్సిలు చెక్కుకుని కూర్చునేవారు. ఆయనా గారిటీ గారూ చిన్నప్పట్నుంచి స్నేహితులు.

"వాన తీసెయ్యి, కాన్."

"వాన ఎక్కడుందయ్యా? చర్చి పైకప్పు కారిందన్నాను."

"పైకప్పు ఊరికే కారుతుందా?"

"పాదిరి గారు ప్రార్థన చేసి ఉంటారు."

"తీసెయ్యి."

తీసేసిన చోట ఖాళీ వదలకూడదు. ఖాళీ కనిపిస్తే అక్కడేదో ఉండేదని తెలిసిపోతుంది కాబట్టి అదీ నిషేధమే. గారిటీ గారు ఒకటే సరుకుతో ఖాళీలన్నీ నింపేవారు. అది గుమ్మడికాయ బన్నులు చేసే విధానం. ఖాళీ చిన్నదైతే సగం విధానం వేసేవారు, పెద్దదైతే దాని కింద వాళ్ళ అక్క చేసే మార్పులు కూడా వేసేవారు. కొన్నాళ్ళకు ఊరు విషయం కనిపెట్టేసింది. "ఈ వారం రెండు గుమ్మడికాయలు ఉన్నాయి, ఏదో పెద్దదే జరిగింది" అని రొట్టెల కొట్టు దగ్గర అనుకునేవాళ్ళు.

బెరిల్ ట్రెస్కాట్ పెళ్ళి రోజు కూడా వానే. 1943 ఫిబ్రవరి. బెరిల్ టెలిఫోను ఎక్స్‌చేంజిలో, అంటే టిడ్‌మార్ష్ కిందే పనిచేసేది. తండ్రి లేడు. మా పక్కింట్లో అద్దెకుండేది. కంచె మీద నుంచి ఒకరికొకరం గుడ్లూ, బీన్సు కాయలూ మార్చుకునేవాళ్ళం. పెళ్ళికొడుకు అలిక్ హాస్కిన్ వాగు అవతల కెర్విన్ హాల్ట్ నుంచి వచ్చి నౌకాదళంలో చేరినవాడు. వాళ్ళది సముద్రంలో మందుపాతరలు తీసే చిన్న ఓడ. దాని పేరు రాయకపోవడం నాకు అప్పుడు అలవాటైంది. ఇప్పటికీ రాయబుద్ధి కాదు.

ఆ ఓడ చెప్పాపెట్టకుండా రేవులోకొచ్చింది. అలిక్‌కి దొరికింది ఒక్క రోజు. తల్లికి టెలిగ్రాం ఇచ్చాడు. ఆవిడ కేకు డబ్బా ఒళ్ళో పెట్టుకుని కెర్విన్ హాల్ట్ స్టేషన్లో కూర్చుంది. రైలు రాలేదు. కొండల్లో కురిసిన వానకు బ్లాక్ డక్ వాగు పొంగి పట్టాలు మునిగిపోయాయి. ఇక్కడ చర్చిలో మేము సాయంత్రం దాకా చూశాం. ఇక చూసేందుకు వీల్లేకపోయింది, తెల్లారితే ఓడ వెళ్ళిపోతుంది. టిడ్‌మార్ష్ గారే తండ్రి స్థానంలో బెరిల్‌ని చేయిపట్టుకుని లోపలికి తీసుకొచ్చారు.

మా ఊళ్ళో పెళ్ళి పాదిరి గారి ముందు సగమే అయ్యేది. మిగతా సగానికి రెండు కావాలి. ఒకటి శనివారం పేపర్లో రావాలి. గౌను ఎవరు కుట్టారు, పూలేమిటి, టీ ఎవరు పోశారు, అన్నీ ఉండాలి. రెండోది, ఆ సాయంత్రం చుట్టుపక్కల వాళ్ళు రేకు డబ్బాలూ పెనాలూ పట్టుకొచ్చి కొత్త జంట ఇంటి ముందు మోగించాలి. వాళ్ళు బయటికొచ్చి అందరినీ టీకి పిలిచేదాకా మోత ఆపకూడదు. యుద్ధం మొదలయ్యాక డబ్బాల మోతను విమానదాడి హెచ్చరిక అనుకుంటారని దాన్నీ ఆపేశారు. ఆ ఉత్తర్వు మీద సంతకం టిడ్‌మార్ష్ గారిదే. అలా బెరిల్‌కి డబ్బాలు మోగలేదు. ఇక మిగిలింది పేపరు.

నేను రాశాను. గారిటీ గారు సీసంలో పోశారు. ప్రూఫు తీసుకుని ఇద్దరం పోస్టాఫీసుకు వెళ్ళాం. టిడ్‌మార్ష్ గౌను దగ్గర తల ఊపారు. తన పేరు దగ్గర మళ్ళీ ఊపారు. చివరి వాక్యం దగ్గర పెన్సిలు ఆగింది.

ఆ వాక్యం ఇది. 'వరుడు మర్నాడు ఉదయమే ఓడకు చేరవలసి ఉన్నందున, బ్లాక్ డక్ వాగు వద్ద రైలు మార్గం నీట మునిగి వరుని తల్లి రాలేకపోయినా, వివాహం వాయిదా వేయడం సాధ్యం కాలేదు.'

"ఒక్క వాక్యంలో మూడు నేరాలు చేశావు అయిల్సా" అన్నారు నాతో. "ఓడ ఉంది. అది కదిలే వేళ ఉంది. రైలు దారి తెగిందని ఉంది."

"నాలుగు" అన్నారు గారిటీ. "వాన మర్చిపోయావు."

బెరిల్ ఎక్స్‌చేంజి గదిలోంచి అంతా వింటోంది. చెవులకున్న తీగలు మెడలోకి దించుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఆ వాక్యం ఒక్కటీ తీసి మిగతాది వేసుకోమంటున్నానమ్మా" అన్నారు టిడ్‌మార్ష్. "గౌను ఉంది, పూలున్నాయి, నేనున్నాను. ఇంకేం కావాలి?"

"ఆ వాక్యం లేకపోతే అసలు వద్దండీ."

"అదేం పట్టుదల?"

"మా అత్తగారు గౌను గురించి అడగరండీ. తన కోసం ఎందుకు ఆగలేదని అడుగుతారు. నేను నోటితో చెప్పకూడదు. మీ ఎదుటే ప్రమాణం చేశాను కదా, ఓడ సంగతులు బయట అననని. అలిక్ కూడా చెప్పొద్దనే వెళ్ళాడు. పేపర్లో పడితే ఇక నేను చెప్పక్కర్లేదు."

"ఇప్పుడు కుదరదమ్మా."

"కుదిరినప్పుడే వెయ్యండి."

ఆ శనివారం బెరిల్ పెళ్ళి రావలసిన చోట గుమ్మడికాయ బన్నులు వచ్చాయి. అక్క గారి మార్పులతో సహా.

యుద్ధంలో సీసానికి కరువు. అచ్చయిన లైన్లన్నీ వారం వారం మళ్ళీ కరిగించేవాళ్ళం. బెరిల్ పెళ్ళి లైన్లని గారిటీ గారు కరిగించలేదు. దారంతో కట్టి, కెటిల్ పైనున్న అరలో పెట్టారు. సీసం తక్కువై ఒక్కోసారి పేపరు రెండు కాలమ్‌లు తగ్గేది. "అదుగో ఆ పెళ్ళి ఉందిగా" అని నేను అరవైపు చూపిస్తే, "అది టీ డబ్బాకి ఆనుకుని ఉంది, తీస్తే డబ్బా పడిపోతుంది" అనేవారు.

రైలు మార్గం బాగయ్యాక బెరిల్ కెర్విన్ హాల్ట్‌కి వెళ్ళింది. తిరిగొచ్చాక కంచె దగ్గర నిలబడి చెప్పింది.

"గేటు తియ్యలేదు. 'నేను లేకుండా నా కొడుకు పెళ్ళి చేసుకోడు. చేసుకుంటే మెసెంజర్లో వచ్చేది' అంది."

"నువ్వేమన్నావు?"

"జరిగింది అన్నాను. 'అయితే ఒక్కరోజు ఆగడానికి ఏమొచ్చింది?' అంది. చెప్పలేనండీ అన్నాను. 'చెప్పడానికేమన్నా ఉంటేగా' అంది. ఇంకోటి కూడా అంది."

"ఏమిటి?"

"ఆ వారం పేపర్లో పెళ్ళి బదులు బన్నులు వేశారట. చేసి చూసిందట. ఉప్పు ఎక్కువ రాశారట."

ఇద్దరం నవ్వాం. బెరిల్ నవ్వు మధ్యలో ఆపేసి లోపలికి పోయింది. అప్పటికే నెల తప్పింది. పుట్టబోయేది హాస్కిన్ల బిడ్డని ఆ ముసలావిడ నోటితో అనాలి. బెరిల్‌కి ఆ ఏడాది అంతకుమించి కావలసింది లేదు.

సెప్టెంబరులో టెలిగ్రాం వచ్చింది. దాన్ని టిడ్‌మార్ష్ ఎవరి చేతా పంపలేదు. తనే ఎక్స్‌చేంజి గదిలోకి వెళ్ళి, బెరిల్ చెవుల మీంచి తీగలు తీసి, కుర్చీ తిప్పి, చేతిలో పెట్టారు. ఓడ పోయింది. అలిక్ కూడా పోయాడు. అడుగున ఒక మాట ఉంది. ప్రభుత్వం ప్రకటించేదాకా ఈ సంగతి పేపర్లకు ఇవ్వరాదు, మరణ ప్రకటన వేయించరాదు.

నేనూ బెరిల్‌తో కెర్విన్ హాల్ట్‌కి వెళ్ళాను. లావీనియా హాస్కిన్ వరండాలో బఠాణీలు ఒలుస్తోంది. పొడుగు మనిషి, మగవాళ్ళ బూట్లు వేసుకుంది. కుక్కను అదిలించి, కాగితం తీసుకుని, దూరంగా పట్టుకుని చదివింది.

"పేపర్లో రాలేదే" అంది.

"ఇప్పుడే రాయకూడదటండీ" అన్నాను.

"నువ్వు పేపరు మనిషివేనా?"

"అవునండీ."

"పెళ్ళీ రాయకూడదు, చావూ రాయకూడదు. అయితే నా కొడుకు ఏమైనట్టు? నువ్వు చెప్పు."

నేను ఆవిడ చేతిలోని టెలిగ్రాం వైపు చూపించాను.

"కాగితం మీద ఎవరైనా టైపు కొట్టొచ్చు" అని దాన్ని మడిచి బెరిల్ చేతికిచ్చేసింది. "నా భర్త పోయినప్పుడు మెసెంజర్లో వేశారు. మా మరిది పోతే వేశారు. ఈ దారిలో ఎవరు పోయినా వేశారు. వాడిది వేసిన రోజున నమ్ముతాను."

మాకు టీ ఇవ్వలేదు. మా వైపు ఇంటికొచ్చిన మనిషికి టీ ఇవ్వలేదంటే గడప తొక్కొద్దని చెప్పినట్టే. మేం గేటు దాటాక వెనక నుంచి కేక వేసింది. "ఆ అమ్మాయిని ఎండలో నడిపించకు. పాల బండి వస్తుంది, అందులో వెళ్ళండి."

నవంబరులో బెరిల్‌కి కొడుకు పుట్టాడు. రోలీ అని పేరు పెట్టుకుంది. పుట్టుక వార్త వేద్దామంటే తండ్రి పేరు దగ్గర ఆగిపోయింది. అతను ఉన్నాడని రాస్తే అబద్ధం, లేడని రాస్తే నేరం. "అన్నీ కలిపి ఒకేసారి వేద్దువుగాని" అంది బెరిల్.

మరుసటి జూన్‌లో ఒక ఉదయం టిడ్‌మార్ష్ తనే మా ఆఫీసుకు వచ్చారు. ఎప్పుడూ మేమే ఆయన దగ్గరికి వెళ్ళేవాళ్ళం. చేతిలో ప్రభుత్వ ప్రకటన ఉంది. ఓడ మునిగిన సంగతి ఇక అచ్చు వేసుకోవచ్చు. నేను వెళ్ళి బెరిల్‌ని పిలుచుకొచ్చాను. పిల్లవాణ్ణి చంకన వేసుకుని వచ్చింది.

"మరణ ప్రకటన శనివారం వేస్తానమ్మా" అన్నారు గారిటీ. "ఎలా కావాలో అయిల్సాకి చెప్పు."

"ఈ శనివారం వద్దండీ. ఈ శనివారం పెళ్ళి వెయ్యండి."

గారిటీ గారు కళ్ళజోడు తీశారు.

"పేపర్లో పెళ్ళి కాకుండా అలిక్‌ని పేపర్లో చంపడానికి వీల్లేదు" అంది బెరిల్. "ముందు పెళ్ళి. పై వారం అది."

ఎవరమూ టిడ్‌మార్ష్ వైపు చూడలేదు. ఆయనే అన్నారు. "ఈ ఉత్తర్వులో ఓడ మునిగిన సంగతి ఒక్కటే ఉంది. రైలు లేదు. వాగు లేదు. ఓడ ఎప్పుడు కదిలిందో లేదు."

"ఒరేయ్ హొరేస్" అన్నారు గారిటీ. "ఓడే లేదురా. అది ఎప్పుడు కదిలిందో ఇప్పుడు ఎవడికి కావాలి?"

"నాకు తెలుసు. నేను చదివి చెబుతున్నాను, అంతే."

గారిటీ గారు లేచి అరలోంచి పెళ్ళిని దించారు. టీ డబ్బా పడలేదు. దారం విప్పి, దుమ్ము తుడిచి, సిరా పూసి, ఒక ప్రూఫు తీసి ఆయన ముందు పెట్టారు. టిడ్‌మార్ష్ జేబులోంచి నీలం పెన్సిలు తీశారు. రోలీ ఆ పెన్సిలు కోసం చెయ్యి చాపాడు. ఆయన దాన్ని ఎడం చేతిలోకి మార్చి, కుడి చేతి వేలు వాడికిచ్చి, మొదటి నుంచి చదివారు.

"తప్పుంది" అన్నారు.

"ఎక్కడ?" అన్నాను.

"బండి దిగి చర్చి గుమ్మం దాకా నడిచామే, గొడుగు ఎవరు పట్టారు? అది రాయలేదేం? నా కుడి భుజం మొత్తం తడిసింది ఆ రోజు."

మార్జిన్‌లో రాసి నాకిచ్చారు. 'వధువునకు శ్రీ టిడ్‌మార్ష్ గొడుగు పట్టిరి.'

"గొడుగు అంటే వానండీ, సెన్సారు గారూ" అన్నారు గారిటీ.

"తెలుసు. వెయ్యి."

ఆ చివరి వాక్యాన్ని ఆయన కొట్టెయ్యలేదు. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయారు.

శనివారం పేపరు ఉదయం రైల్లో కెర్విన్ హాల్ట్‌కి వెళుతుంది. ఆ మధ్యాహ్నం రొట్టెల కొట్టు దగ్గర నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. ఓడ సంగతి రేడియోలో అప్పటికే చెప్పారు. అలిక్ లేడని అందరికీ తెలుసు, వాడి పెళ్ళి చేతిలో ఉంది. కొట్టు ఆవిడ నా రొట్టె చుడుతూ "గౌను వాళ్ళ పిన్ని కూతురిదటగా, బాగా రాశావమ్మా" అంది.

సాయంత్రం, ఇంకా వెలుతురు ఉండగా, పెరట్లో బీన్సుకి నీళ్ళు పోస్తున్నాను. వీధిలో ఏదో మోగింది. ఒక్కటే మోత, నిదానంగా. కంచె దగ్గరికి వెళ్ళి చూశాను. బెరిల్ గేటు బయట లావీనియా హాస్కిన్ నిలబడి ఉంది. చర్చికి వేసుకునే టోపీ పెట్టుకుంది, బూట్లు మాత్రం అవే. మెసెంజర్ మడత చంకలో ఉంది. కేకు డబ్బా కాళ్ళ దగ్గర ఉంది. ఒక చేతిలో దాని మూత, ఇంకో చేతిలో గరిటె. కొడుతోంది. కొట్టి ఆగి, మళ్ళీ కొడుతోంది.

నేను లోపలికెళ్ళి పెనం తెచ్చుకున్నాను. ఎదురింటి ఆవిడ బకెట్టు తెచ్చింది. రొట్టెల కొట్టు ఆవిడ రెండు ట్రేలు తెచ్చింది. వీధి చివర తన గేటు దగ్గర టిడ్‌మార్ష్ నిలబడి చూశారు. డబ్బాలు మోగించకూడదన్న ఉత్తర్వు అప్పటికింకా పోస్టాఫీసు గోడ మీదే ఉంది. ఆయన లోపలికి వెళ్ళారు. తిరిగొచ్చినప్పుడు చేతిలో బొగ్గు పార ఉంది. దాన్ని గేటు ఇనప కమ్మీ మీద కొట్టడం మొదలుపెట్టారు.

బెరిల్ తలుపు తీసింది. రోలీని ఎత్తుకుని మెట్ల మీద నిలబడింది. మోత ఆగలేదు. టీకి పిలిచేదాకా ఆపకూడదు కదా.

"ఏమే కోడలా, చేతులు పడిపోతున్నాయి, పిలుస్తావా లేదా?" అంది లావీనియా.

"లోపలికి రండి అత్తగారూ. అందరూ రండి. టీ పెడతాను."

అప్పుడు ఆపింది. డబ్బా ఎత్తుకుని, గేటు తీసుకుని లోపలికి నడిచి, మెట్టు కింద నిలబడి రోలీ ముఖం చూసింది.

"చెవులు హాస్కిన్లవే. పాపం" అంది.

కేకు డబ్బా నా చేతికిచ్చింది. అందులో గుడ్డ చుట్టిన కేకు ఉంది. ఆ రోజు స్టేషన్లో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నదే.

"పాడవలేదా అండీ?" అన్నాను.

"నెలనెలా రమ్ము పోశాను."

"మీరు మద్యనిషేధ సంఘం ప్రెసిడెంటు కదండీ?"

"పోసింది కేకుకి, నాకు కాదు. నువ్వు ఇది పేపర్లో రాయకు."

కేకు నల్లబడింది, బరువుగా ఉంది, బాగుంది. గారిటీ గారు మూడు ముక్కలు తిన్నారు. చక్కెర మిల్లు పక్కనే ఉంటూ చక్కెరకి కూపన్లు ఇచ్చుకుంటున్న రోజులవి. టీ తాగుతున్నంతసేపూ లావీనియా పేపరు ఒళ్ళోనే పెట్టుకుంది. ఒకసారి ఆ వాక్యం మీద వేలు పెట్టి బెరిల్‌ని అడిగింది. "తెల్లారితే వెళ్ళాలి అన్నమాట?"

"అవునండీ."

"నాకోసం ఎంతసేపు చూశారు?"

"పాదిరి గారు ఇక చీకటి పడుతుంది అనేదాకా. అలిక్ రెండుసార్లు స్టేషన్‌కి వెళ్ళి వచ్చాడు. రెండుసార్లూ తడిసి వచ్చాడు."

లావీనియా తల ఊపింది. "అది కూడా రాయాల్సింది" అంది నా వైపు తిరిగి.

మరణ ప్రకటన ఆ రాత్రి ఆవిడే చెప్పింది, నేను రాసుకున్నాను. మా వైపు పద్ధతిలో పోయినవాడి తల్లిదండ్రుల పేర్లు ముందు వస్తాయి. ఆవిడ అలా చెప్పలేదు. బెరిల్ భర్త, రోలీ తండ్రి అని చెప్పించి, తన పేరు చివర పెట్టమంది. ఏ చోట, ఏ తారీఖు అన్నవి అప్పటికింకా చెప్పకూడదు, 'సముద్రం మీద' అని మాత్రం వేశాం. టిడ్‌మార్ష్ దాన్ని చదివి, పెన్సిలు తియ్యకుండానే తిరిగిచ్చేశారు.

పై శనివారం అది అచ్చయింది. ఆ పేజీలో గుమ్మడికాయ బన్నులు లేవు.